దగ్గు మందు సీసా మీద తెలుగేదీ?

సంపాదకులకు నమస్కారం.

మాది అంబాజీపేట దగ్గర ఊరు. మా ఆయన ఇరవై ఏళ్లుగా కొబ్బరి పీచు మిల్లులో పనిచేస్తున్నారు. సాయంత్రం తువ్వాలు దులిపితే అరుగంతా పొడి. నెలపట్టాక దానికి మంచు తోడైతే ఇక దగ్గే దగ్గు.

ఈసారి ఛాతీలో గళ్ళ, అదే కఫం, పట్టేసి పిల్లికూతలు మొదలయ్యాయి. మందుల షాపుకి మా అబ్బాయిని పంపితే ఒక సీసా చేతిలో పెట్టారు. పొడి దగ్గా, గళ్ళ పడుతోందా అని వాళ్లు అడగలేదు, మావాడూ చెప్పలేదు. దగ్గు తగ్గిందని రెండు రోజులు సంబరపడ్డాం. మూడో రాత్రి ఆయాసంతో పడుకోలేక కూర్చునే తెల్లవార్చారు.

అమలాపురంలో డాక్టరుగారు సీసా చూసి పక్కన పెట్టేశారు. అందులోది డెక్స్‌ట్రోమెథార్ఫాన్, దగ్గును అణిచే మందట. ఊపిరి గొట్టాల లోపల సన్నటి నూగు ఉండి, దుమ్ము అంటుకున్న కఫాన్ని గొంతు వైపు నెడుతూ ఉంటుందట. కఫం ముద్దకడితే ఆ నూగుకి బలం చాలదు. గుర్రపుడెక్క పేరుకున్న మా పంట కాలవే గుర్తొచ్చింది నాకు. అలాంటప్పుడు గళ్ళను బయటికి తెచ్చేది దగ్గే, దాన్నే మేం ఆపేశాం.

కొత్త సీసాలో గైఫెనెసిన్ కఫానికి నీరు పట్టించి పల్చన చేస్తుంది, బ్రోమ్‌హెక్సిన్ దాని జిగురు విరుస్తుంది, టెర్బ్యుటలిన్ బిగుసుకున్న గొట్టాలను వదులు చేస్తుంది. నీళ్లు బాగా తాగమన్నారు. మొదటిరోజు దగ్గు ఎక్కువైంది! కాఫీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికింది. నాకు టెన్షన్ వచ్చి ఫోన్ చేస్తే, వణుకు టెర్బ్యుటలిన్ వల్ల, గళ్ళ తెగుతోంది కాబట్టి దగ్గు అన్నారు. నాలుగో రోజుకి ఛాతీ తేలికపడింది. దగ్గు రెండు వారాలు దాటిందని తెమడ పరీక్ష కూడా చేయించారు, టీబీ లేదు.

అన్నట్టు, బ్రోమ్‌హెక్సిన్‌కి మూలం అడ్డసరం ఆకులోని పదార్థమేనట. అది విన్నాక మా అత్తగారిని పట్టలేకపోయాం. ఆవిడ కషాయం కాస్తానంటే వద్దన్నది నేనే మరి.

సీసా మీద ఇంగ్లీషు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. టెన్త్ చదివే మావాడు పేర్లు కూడబలుక్కున్నాడు గానీ ఏది దేనికో వాడికేం తెలుస్తుంది? ‘గళ్ళ తెచ్చేది’, ‘దగ్గు ఆపేది’ అని తెలుగులో పెద్దగా వేయించాలని మీ పత్రిక ద్వారా అధికారులను కోరుతున్నాను. ఈలోగా షాపువాళ్లు ఆ ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

మొదటి సీసా ఇంకా గూట్లోనే ఉంది. మావాడు కాగితం మీద ‘నాన్నకి వద్దు’ అని రాసి అంటించాడు.

ఇట్లు,
పీచు మిల్లు కార్మికుడి భార్య,
అంబాజీపేట మండలం