పాత పాటకు గీత ఏ ఏట గీయాలి?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్ఎం చానళ్లను వేలం వేయడానికి ఆమోదం తెలిపినప్పుడు, ఆ జాబితాలో విజయనగరం, శ్రీకాకుళం పేర్లు రెండూ కనిపించాయి. అప్పటి నుంచి సాయంత్రం పూట అయ్యకోనేరు గట్టున చేరే మా ఈడు వాళ్ల మధ్య ఒక చర్చ తెగకుండా సాగుతోంది. వేలం పాటలో నెగ్గినవారు రేపు మాకు ఏ పాటలు వినిపిస్తారు? వాటిలో ఒక్క చానలైనా పూర్తిగా పాత పాటలకే కేటాయిస్తే, ఆ పాతదనం ఏ ఏట మొదలై ఏ ఏట ఆగాలి? వ్యాపారులకు ఇది చిన్న ప్రశ్నగా తోచవచ్చు గానీ, స్టేషను స్వభావమంతా ఆ గీత మీదే ఆధారపడి ఉంటుంది కనుక, చానళ్లు రాకముందే మీ పత్రిక ద్వారా నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను.

ఈ ఉత్తరం రాయడానికి తక్షణ కారణం ఒక చిన్న నిరాశ. పోయిన నెల విశాఖలో కంటి పరీక్ష చేయించుకుని మా అబ్బాయి కారులో తిరిగి వస్తున్నప్పుడు, ఒక ప్రైవేటు ఎఫ్ఎంలో పాత పాటల కార్యక్రమమని చెబితే, ఆనందపురం నుంచి తగరపువలస దాకా చెవి ఒగ్గి కూర్చున్నాను. వచ్చిన ఆరు పాటల్లో ఐదు 1995 తర్వాతివి. ఆరోది నిజంగా పాతదే గానీ, దానికి ఎవరో కొత్తగా డ్రమ్ములు అతికించారు. గాయని గొంతు ఆ చప్పుడు వెనక ఎక్కడో పెళ్లివారి రద్దీలో తప్పిపోయిన పిల్లలా వినిపించింది. మా అబ్బాయికి మాత్రం ఆ ఐదు పాటలూ పాతవే. అతని తప్పేమీ లేదు, వాటిని అతను కాలేజీలో విన్నాడు.

స్టేషన్లు నడిపేవారి లెక్క కూడా అదే. మనిషికి పదిహేనేళ్లకూ పాతికేళ్లకూ మధ్య విన్న పాట జీవితాంతం అంటిపెట్టుకుని ఉంటుంది. ప్రకటనలిచ్చే కంపెనీలకు కావలసింది చేతిలో జీతం ఉన్న నడివయసు శ్రోత. ఇవాళ యాభై ఏళ్ల మనిషి పదిహేనేళ్ల వాడుగా ఉన్నది 1990 ప్రాంతంలో. కనుక పాత పాటలంటే 1990లవి. ఈ లెక్క ప్రకారం 1955లో పదిహేనేళ్లున్నవారు ఎనభై అయిదు దాటిన వృద్ధులు. వారి కోసం స్టేషను నడిపితే గిట్టదు. కూడికల్లో ఎక్కడా పొరపాటు లేదు. అయితే ఇందులో, పాట విడుదలైన ఏడూ జనం దాన్ని విన్న ఏడూ ఒకటేనన్న నమ్మకం దాగి ఉంది. మన ఉత్తరాంధ్రలో అది ఎన్నడూ నిజం కాదు.

నేను 1976లో తపాలా శాఖలో చేరి, ఉద్యోగంలో ఎక్కువ భాగం విజయనగరంలోనే గడిపాను. మొదటి పదేళ్లలో నా చేతి మీదుగా వెళ్లిన ఉత్తరాల్లో ఒక తరహా కార్డులు ఇప్పటికీ కళ్ల ముందున్నాయి. అవి పాటలు కోరుతూ శ్రోతలు ఆకాశవాణికి రాసినవి. పదిహేను పైసల కార్డు. పైన పాట పల్లవి, సినిమా పేరు. దాని కింద కోరేవారి పేర్లు, ఒకటీ రెండూ కాదు, పదీ పన్నెండూ. చోటు చాలకపోతే అంచు వెంట కార్డు నిలువుగా తిప్పి రాసిన మరో నాలుగు. ఒక్కో పేరు ఒక్కో చేతిరాత, ఒక్కో రంగు సిరా. చివర ‘మరియు మిత్రబృందం’. నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికుల కార్డులకు ఒక మూల నూనె చేతి మరక ఉండేది. కుట్టు మిషను నేర్చుకునే అమ్మాయిలు అందరి పేర్లూ ఒకే చేత్తో, పాఠశాల హాజరుపట్టీలా వరుసగా రాసేవారు. కార్డు మీది రాత చదవకూడదన్నది మా వృత్తి మర్యాదే అయినా, ముద్ర కొట్టేటప్పుడు కళ్లు మూసుకోలేం కదా. అలా కంటపడిన పల్లవుల్లో ఎన్నో, ఆ పేర్లవాళ్లు పుట్టకముందు వచ్చిన సినిమాలవి. 1980లో ఇరవై ఏళ్లున్నవాడు 1957 నాటి పాట కోసం కార్డు ముక్క ఖర్చుపెట్టాడంటే, ఆ పాట అతని తండ్రిది మాత్రమే కాదు, అతనిది కూడా.

దీనికి కారణం వెతకడానికి ఎక్కువ దూరం పోనక్కరలేదు. పట్టణాల హాళ్లలో ఆడి దిగిన సినిమా చీపురుపల్లి, పాలకొండ చుట్టుపక్కల పల్లెల టూరింగ్ టాకీసు, అంటే డేరా హాలు, చేరడానికి ఏళ్లు పట్టేది. పాత ప్రింటుకు అద్దె తక్కువ కనుక డేరా యజమాని పౌరాణికాలనూ జానపదాలనూ మళ్లీ మళ్లీ తెచ్చేవాడు. ఆటకు ముందు డేరా మీది మైకులో రికార్డులు మోగేవి. వేంకటేశ్వరుడి మీద ఘంటసాల పాట పడిందంటే టిక్కెట్లు ఇస్తున్నారని గుర్తు, అది వినబడ్డ క్షణాన పొలం గట్ల మీద నడిచేవారు పరుగందుకునేవారు. ఇక రేడియో సంగతి తెలిసిందే. 1950లలో ఢిల్లీలో ఒక మంత్రిగారు సినిమా పాట సంస్కృతికి చేటని ఆకాశవాణిలో దాదాపు ఆపేస్తే, మనవాళ్లు ముల్లు తిప్పి రేడియో సిలోనులో మీనాక్షి పొన్నుదురై గొంతుతో తెలుగు పాటలు విన్నారు. 1957లో వివిధ భారతి వచ్చింది. 1963లో విశాఖ కేంద్రం మొదలైంది. ఇన్ని దారుల్లో ఒకే పాట ఒక తరం తర్వాత ఇంకో తరం చెవిన పడుతూ వచ్చింది. పాటకు సెన్సారు సర్టిఫికెట్టు మీద ఒక పుట్టినతేదీ ఉంటే, మన ప్రాంతంలో రెండోది ఇంకొకటి ఉంది. స్టేషను వారు లెక్క వేయవలసింది ఆ రెండోదాన్ని పట్టి.

అందువల్ల నా మనవి ఏమంటే, పది పదేళ్ల ముక్కలుగా కోసి ‘అరవైలు’, ‘డెబ్బైలు’ అని సీసాలకు చీటీలు అంటించినట్టు అంటించకుండా, గొంతులను బట్టి, బాణీలను బట్టి కాలాన్ని విభజించాలి. మొదటి గీత 1951 దగ్గర గీయవచ్చు. సాలూరు దగ్గరి శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు ‘మల్లీశ్వరి’కీ, విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్న ఘంటసాల ‘పాతాళభైరవి’కీ సంగీతం చేసింది ఆ ఒక్క ఏడే. రెండో గీత 1966 డిసెంబరు; బాలసుబ్రహ్మణ్యం తొలి పాట రికార్డయింది అప్పుడు. మూడోది 1974 ఫిబ్రవరి 11. ఘంటసాల కన్నుమూసిన రోజు. నాలుగోది 1980, ‘శంకరాభరణం’ వచ్చి, శాస్త్రీయ సంగీతాన్ని రిక్షావాళ్ల చేత కూడా కూనిరాగంగా తీయించిన ఏడు. 1966 డిసెంబరుకూ 1974 ఫిబ్రవరికీ మధ్యనున్న ఏడేళ్లను నేను అన్నిటికన్నా విలువైనవిగా లెక్కిస్తాను. పాత గొంతు ఇంకా పాడుతూనే ఉండి, కొత్త గొంతు కుదురుకుంటున్న కాలమది. ‘అరవైలు’ అనో ‘డెబ్బైలు’ అనో పేరు పెడితే ఆ ఏడేళ్లు నడుమన తెగి రెండు ముక్కలవుతాయి. ఘంటసాల తర్వాతి డెబ్బైల మీద నాకు అంత మోజు లేదని ఒప్పుకుంటాను. అయినా పార్వతీపురం వైపు నుంచి వెళ్లిన సంగీత దర్శకుడు చెళ్ళపిళ్ళ సత్యం బాణీలు ఆ రోజుల్లో మన ప్రతి పెళ్లి పందిట్లోనూ మోగాయి కనుక, నా ఇష్టాయిష్టాలతో వాటిని పక్కన పెట్టడానికి వీల్లేదు.

విజయనగరం వాడిని కనుక ఊరి మీద మమకారంతో మాట్లాడుతున్నానని కొందరు అనవచ్చు. కొంత నిజమే. 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారిని తొలి ప్రిన్సిపాలుగా కూర్చోబెట్టిన ఊరిది. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుర్రవాడు ఘంటసాల, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకుంటూ ఈ వీధుల్లోనే మధుకరం ఎత్తి, అంటే ఇంటింటా అన్నం అడిగి, కడుపు నింపుకున్నాడు. గాయని పి. సుశీల గారు పుట్టి, చదువుకున్నది ఇక్కడే. ఈ ఊరి ఎఫ్ఎంలో 1950లకు చోటు లేకపోతే, కోనేటి గట్టున కూర్చుని నీళ్లు కొనుక్కున్నట్టుంటుంది. అయితే మమకారం అనవసరమైన చోట దాన్ని అదుపులో పెట్టుకోవాలి కూడా. 1930లు, 40ల సినిమా పాటలను రోజంతా వేయమని నేను కోరను. వాటి ముద్రణ బలహీనం. కారులో, మిక్సీ తిరిగే వంటింట్లో అవి అర్థం కావు. ఆదివారం ఉదయం ఒక గంట, తెలిసినవారి చేత నాలుగు వివరాలు చెప్పించి వినిపిస్తే చాలు.

దశాబ్దాల లెక్కలో అసలే పట్టనివి రెండున్నాయి. ఒకటి పద్యం. రాగం తీసి పద్యం పాడటం మన నాటకం నుంచి సినిమాకు వచ్చిన ఆస్తి. రాత్రి తెల్లవార్లూ నాటకం చూసి, నచ్చిన పద్యానికి ‘వన్స్ మోర్’ కొట్టి మళ్లీ పాడించుకున్న జిల్లాలివి. పాట కాదన్న సాకుతో పద్యాన్ని జాబితాలోంచి తీసేస్తే పాత తెలుగు సినిమా సంగీతంలో సగం అందం పోతుంది. రెండోది లలిత గీతం. రాజేశ్వరరావు సినిమాల్లో పేరు తెచ్చుకోకముందే గ్రామఫోను రికార్డులకు పాడినవి, తర్వాత ఆకాశవాణి కేంద్రాలు పాడించినవి. వీటికి సినిమా పేరు ఉండదు కనుక కంప్యూటరు జాబితాల్లో ఏ గడిలోనూ ఇమడవు.

గంటకు ప్రకటనలు పోను పన్నెండు పాటలు పడతాయనుకుంటే, నా చేతిలో ఉంటే ఇలా పంచుతాను: 1951 నుంచి 1966 దాకా ఐదు, అక్కడి నుంచి 1980 దాకా నాలుగు, 1980లవి రెండు, మిగిలిన ఒకటి పద్యమో లలిత గీతమో. రోజుకు పద్దెనిమిది గంటల ప్రసారమైతే ఇది 216 పాటలు. ఇక్కడే అసలు చిక్కు. అందరికీ తెలిసిన నాలుగు వందల పాటలు పెట్టెలో వేసుకుని కూర్చుంటే, ప్రతి పాటా రెండు రోజులకోసారి తిరిగి వస్తుంది. ఎంత మంచి పాటైనా నెల తిరిగేసరికి విసుగు పుడుతుంది. పాటలకు కరువా అంటే, ఒక్క సుశీల గారి పేరనే వేర్వేరు భాషల్లో 17,695 పాటలను 2016లో గిన్నిస్ వారు గుర్తించారు. ఐదు వేల పాటలకు తక్కువ కాని భాండాగారం లేనిదే పాత పాటల స్టేషనని పేరు పెట్టుకోకూడదని నా అభిప్రాయం.

ఖర్చు మాటకొస్తే, మన చట్టం ప్రకారం ధ్వనిముద్రణ మీది హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు ఉంటుంది. అంటే 1964లోనూ అంతకు ముందూ విడుదలైన రికార్డులకు ఆ హక్కు తీరిపోయింది. కవిదీ సంగీత దర్శకుడిదీ హక్కు వారి మరణం తర్వాత 60 ఏళ్ల దాకా నిలుస్తుంది కనుక వారి వారసులకు చెల్లవలసింది చెల్లవలసిందే. అయినా కొత్త పాటలతో పోలిస్తే పాతవాటికి ఒక హక్కుదారు తగ్గినట్టే. స్థూల ఆదాయంలో 4 శాతం ఏటా లైసెన్సు రుసుము కట్టవలసిన యజమానికి ఇది ఆలోచించదగ్గ సంగతి. మా కౌంటరు ముందు రేడియో సెట్టు పుస్తకం పట్టుకుని ఏటేటా వరుసలో నిలబడి, వినేవాడే లైసెన్సు కట్టిన రోజులు గుర్తొచ్చి నవ్వు కూడా వస్తుంది.

1990ల పాటల మీద నాకు ద్వేషం లేదు. అవి ఇప్పటికే అన్ని చానళ్లలోనూ, అందరి ఫోన్లలోనూ, ఆటోల్లోనూ ఉన్నాయి. వాటికి వేరే ఆశ్రయం అక్కరలేదు. అందుకే ప్రస్తుతానికి 1990 డిసెంబరుతో గీత ముగించి, పదేళ్ల తర్వాత మా అబ్బాయి వయసు వాళ్లు దాన్ని జరుపుకుంటే నేను అడ్డు చెప్పను.

చివరగా రెండు కోరికలు. పాత పాటకు కొత్త వాయిద్యాలు కలపవద్దు. ఉన్నదున్నట్టు, గరగరలతో సహా వేయండి. ఒకప్పుడు పెద్ద పాటలు రికార్డుకు రెండు వైపులా ఉంటే, మొదటి వైపు వేసి ఆపేసేవారు. కొన్ని పాటల రెండో చరణం ఉందన్న సంగతి మాకు డేరాలో సినిమా చూసినప్పుడే తెలిసేది. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు కనుక పాట పూర్తిగా వినిపించండి. రెండోది, పాటకు ముందు చిత్రం పేరు, రాసినవారు, స్వరపరచినవారు, పాడినవారు, విడుదలైన ఏడు, ఈ ఐదూ చెప్పించండి; ఇది ఆకాశవాణి అనౌన్సర్లు మాకు నేర్పిన అలవాటు. కోరిన పాటలకు రోజూ ఒక అరగంట ఉంచి, ఫోనుతోపాటు కార్డు మీద రాసినవాటినీ తీసుకోండి. నా కార్డు సిద్ధంగా ఉంది, కింద తొమ్మిది పేర్లున్నాయి. చిరునామా రాయవలసిన చోటు మాత్రం ఖాళీగా ఉంచాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి,
విజయనగరం.