జుట్టు మందులో ఫోమా, లిక్విడా? ధర చూసి తేల్చే విషయం కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను బెంగళూరులోని మారతహళ్ళిలో మందుల దుకాణం నడుపుతున్న ఫార్మసిస్టును. అనంతపురం, కడప, చిత్తూరు మొదలుకొని శ్రీకాకుళం దాకా అన్ని జిల్లాల నుంచి వచ్చి, ఇక్కడి పీజీ హాస్టళ్ళలో ఉంటూ ఉద్యోగాలు చేసుకునే, ఉద్యోగాలు వెతుక్కునే తెలుగు యువతీయువకులే మా దుకాణానికి ఎక్కువగా వస్తారు. వారిలో చాలామంది ఈ మధ్య జుట్టు రాలకుండా రాసుకునే మినాక్సిడిల్ మందు గురించి, ముఖ్యంగా "అన్నా, లిక్విడ్ కంటే ఫోమ్ బాగా పనిచేస్తుందట కదా?" అని అడుగుతున్నారు. ఫోన్లలో వచ్చే ప్రకటనలు చూసి, ఫోమ్ కొత్తది కనుక, ఖరీదైనది కనుక ఎక్కువ బలమైనదని వారు నమ్ముతున్నారు. ఆ నమ్మకం వల్ల చిన్న జీతాల పిల్లలు డబ్బు నష్టపోవడమే కాక, అసలు చికిత్సనే మధ్యలో వదిలేయడం చూస్తున్నాను. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా చెప్పవలసింది, రెండింటిలోనూ ఉన్న మందు ఒక్కటే. మినాక్సిడిల్ మొదట జుట్టు కోసం పుట్టిన మందు కాదు. అధిక రక్తపోటుకు మింగే మాత్రగా 1979లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందింది. ఆ మాత్రలు వాడినవారికి ఒంటి మీద, ముఖం మీద వెంట్రుకలు పెరగడం గమనించిన తరువాతే దానిని తలకు రాసే మందుగా మార్చే ప్రయత్నం మొదలైంది. 2 శాతం ద్రవానికి 1988లో అక్కడ అనుమతి వచ్చింది. పురుషుల కోసం 5 శాతం ఫోమ్ 2006లోనూ, స్త్రీలు రోజుకు ఒక్కసారి వాడే 5 శాతం ఫోమ్ 2014లోనూ వచ్చాయి. అంటే ఫోమ్ అన్నది కొత్త మందు కాదు, పాత మందుకు తరువాత వచ్చిన మరో రూపం. తల చర్మంలోని ఒక ఎంజైము మినాక్సిడిల్‌ను మినాక్సిడిల్ సల్ఫేట్‌గా మారుస్తుంది. కుదుళ్ళ మీద పనిచేసేది ఆ సల్ఫేటే. మందు ద్రవంగా వచ్చినా, నురగగా వచ్చినా కుదురు దగ్గర జరిగే పని ఇదే. ఆ ఎంజైము కొందరిలో తక్కువగా ఉంటుంది కనుక, అలాంటివారికి రూపం మార్చినంత మాత్రాన ఫలితం వస్తుందని ఆశించలేము.

తేడా ఉన్నది మందును మోసుకెళ్ళే పదార్థాల్లో. మినాక్సిడిల్ నీటిలో సరిగా కరగదు కాబట్టి, సాధారణంగా దొరికే ద్రవంలో ఆల్కహాలు, నీటితో పాటు ప్రొపిలీన్ గ్లైకాల్ అనే పదార్థాన్ని కలుపుతారు. మందు కరిగి ఉండటానికీ, చర్మంలోకి ఇంకటానికీ అది తోడ్పడుతుంది. కానీ తల జిడ్డుగా, బంకగా అనిపించడానికి, ఆరిన తరువాత తెల్లని పొట్టులా రాలడానికి, కొందరిలో దురద, మంట, ఎర్రదనం రావడానికి చాలాసార్లు కారణమూ అదే. ఫోమ్‌లో ప్రొపిలీన్ గ్లైకాల్ ఉండదు. ఆల్కహాలు, కొన్ని కొవ్వు ఆల్కహాళ్ళు, గ్లిజరిన్ వంటివి ఉంటాయి. డబ్బాలోంచి నురగగా బయటికి తోసేందుకు బ్యూటేన్, ప్రొపేన్ వంటి వాయువులను వాడతారు. ఫోమ్ త్వరగా ఆరుతుంది, కారదు, జిడ్డు తక్కువ. దాని అసలైన మేలు ఇదే. ఇది చిన్న మేలేమీ కాదు, కానీ "రెండింతలు జుట్టు" అన్న ప్రచారానికీ దీనికీ సంబంధం లేదు.

పరిశోధనలు ఏం చెబుతున్నాయో కూడా పాఠకులకు తెలియాలి. పురుషుల మీద 5 శాతం ఫోమ్‌ను పరీక్షించి 2007లో ప్రచురించిన ప్రధాన అధ్యయనంలో 352 మంది పాల్గొన్నారు. 16 వారాల పాటు సగం మందికి మందున్న నురగ, మిగిలినవారికి మందు లేని నురగ ఇచ్చి పోల్చారు. మందున్న నురగ స్పష్టంగా మెరుగైన ఫలితం చూపింది. అయితే ఆ పోలిక మందు లేని నురగతో జరిగిందే తప్ప ద్రవంతో కాదు. ఫోమ్ పనిచేస్తుందని అది రుజువు చేసింది, ద్రవాన్ని మించిందని కాదు. స్త్రీల విషయంలో నేరుగా పోల్చిన అధ్యయనం 2011లో వెలువడింది. 113 మంది స్త్రీలలో కొందరు 5 శాతం ఫోమ్‌ను రోజుకు ఒకసారి, మిగిలినవారు 2 శాతం ద్రవాన్ని రోజుకు రెండుసార్లు 24 వారాలు వాడారు. జుట్టు పెరుగుదలలో ఫోమ్ ద్రవానికి తీసిపోలేదు. దురద, చుండ్రు వంటి ఇబ్బందులు ఫోమ్ వాడినవారిలో తక్కువగా కనిపించాయి, రోజుకు ఒక్కసారి రాయడం వారికి సులువుగానూ తోచింది. వీటన్నిటికీ ముందే, 2002లో ప్రచురితమైన 393 మంది పురుషుల అధ్యయనంలో ద్రవాన్నే రెండు బలాల్లో వాడి చూశారు. 48 వారాల తరువాత 5 శాతం వాడినవారిలో 2 శాతం వాడినవారి కంటే 45 శాతం ఎక్కువగా జుట్టు తిరిగి పెరిగింది. నా ఉద్దేశంలో వినియోగదారుడు గుర్తుంచుకోవలసిన సంగతి ఇదే: పురుషులలో గట్టి తేడా చూపింది మందు బలం. నురగా ద్రవమా అన్నది కాదు. అలాగని 10 శాతం సీసా కనిపించగానే కొనేయమని నా మాటకు అర్థం కాదు. దానిని డాక్టరు చెప్పకుండా ఎవరూ వాడరాదు.

మోతాదు లెక్క చూసినా ఇదే తేలుతుంది. 5 శాతం ద్రవం ఒక మిల్లీలీటరులో 50 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. 5 శాతం ఫోమ్ అర మూత, అంటే సుమారు ఒక గ్రాములోనూ అంతే ఉంటుంది. పురుషులు రోజుకు రెండుసార్లు రాసుకుంటే 60 మిల్లీలీటర్ల సీసా అయినా, 60 గ్రాముల డబ్బా అయినా సరిగ్గా 30 రోజులు రావాలి. మా దుకాణంలో ఈ లెక్క చెప్పినప్పుడు చాలామంది ఆశ్చర్యపోతారు, ఎందుకంటే వారికి ఒక్కో సీసా రెండు నెలలు, మూడు నెలలు వస్తోంది. అంటే వారు రాసుకుంటున్నది కావలసిన మందులో సగమో, మూడో వంతో. ఫోమ్ కొన్నవారిలో ఇది మరీ ఎక్కువ. ఖరీదైనది కదా అని వేలి కొనతో పొదుపుగా రాసుకుంటారు. అలా ఆరు నెలలు గడిచాక "ఫోమ్ కూడా పనిచేయలేదు" అంటారు. పూర్తి మోతాదులో రాసుకున్న మామూలు ద్రవం, సగం మోతాదులో రాసుకున్న ఖరీదైన ఫోమ్ కంటే మేలు.

మరి ఎవరికి ఏది తగినది? ద్రవం రాసుకున్న చోట దురద, మంట, పొట్టు రాలడం ఉన్నవారు ఫోమ్‌కు మారడం సబబు. చాలామందికి ఆ ఇబ్బంది తగ్గుతుంది. ప్రొపిలీన్ గ్లైకాల్ లేని ద్రవాలు కూడా ఇప్పుడు మన దేశంలో దొరుకుతున్నాయి కాబట్టి, ఫోమ్ ధర భరించలేనివారు సీసా మీది వివరాలు చదివి వాటిని అడగవచ్చు. అయితే అరుదుగా కొందరికి మినాక్సిడిలే పడదు. అటువంటివారికి ఫోమ్‌తోనూ అదే దురద వస్తుంది. అప్పుడు చర్మవైద్యుడు ప్యాచ్ పరీక్ష చేసి ఏది పడటం లేదో తేల్చగలరు. నడినెత్తి మీద జుట్టు పలచబడిన, చిన్న క్రాఫు ఉన్న పురుషులకు ఫోమ్ రాయడం సులువు. పొడవైన, ఒత్తైన జుట్టు ఉన్న స్త్రీలకు మాత్రం నురగ వెంట్రుకలకే అంటుకుని మాడుకు చేరకుండా పోతుంది. వారు పాయలు తీసి, పాపిట వెంట కొద్దికొద్దిగా పెట్టుకోవాలి, లేదా డ్రాపరుతో పాపిట వెంట ద్రవం వేసుకోవాలి. నా అనుభవంలో ఓపిక ఉన్న ఆడపిల్లలకు డ్రాపరే ఎక్కువ నప్పుతుంది. కాకపోతే ద్రవం నుదుటి మీదికి, చెంపల మీదికి కారితే అక్కడ అవాంఛిత రోమాలు పెరిగే అవకాశం ఉంది. పడుకునే ముందే రాసుకుంటే దిండుకు అంటి ముఖానికి తగులుతుంది. అందువల్ల పడకకు రెండు నుంచి నాలుగు గంటల ముందే రాసుకుని, చేతులు శుభ్రంగా కడుక్కోవాలి.

బెంగళూరులో బైకు మీద ఆఫీసుకు వెళ్ళేవారు ఎక్కువ. ఉదయం ద్రవం రాసుకుని, తల తడిగా ఉండగానే హెల్మెట్ పెట్టుకుంటే మందంతా హెల్మెట్ లోపలి గుడ్డకు పోతుంది. అటువంటివారికి త్వరగా ఆరే ఫోమ్ నిజంగా ఉపయోగపడుతుంది, ఇక్కడి చల్లని వాతావరణమూ దానికి అనుకూలమే. అదే మనిషి వేసవిలో కడపకో, అనంతపురానికో వెళితే నురగ వేళ్ళ మీదే కరిగి నీరైపోతుంది. ఒంటి వేడికి కరిగేలా తయారైంది కాబట్టి, వేళ్ళను చన్నీటిలో ముంచి, తుడుచుకుని, ఆపైన నురగ తీసుకోవాలి. ఎండలో నిలిపిన కారులో ఫోమ్ డబ్బా వదిలేయడం ప్రమాదం. ఒత్తిడిలో ఉన్న మండే వాయువులు అందులో ఉంటాయి కాబట్టి, 49 డిగ్రీలు దాటిన వేడిలో ఉంచరాదు. రాసుకున్న వెంటనే పొయ్యి దగ్గరికి వెళ్ళడం, సిగరెట్టు వెలిగించడం కూడదు. ఆల్కహాలు ఉన్న ద్రవానికీ ఈ జాగ్రత్త వర్తిస్తుంది.

ఖర్చు సంగతికి వస్తే, నేను ఎక్కువగా బాధపడేది ఇక్కడే. వంశపారంపర్యంగా వచ్చే జుట్టు పలచబడటానికి మినాక్సిడిల్ వాడితే ఫలితం కనిపించడానికి కనీసం నాలుగు నెలలు పడుతుంది. మొదలుపెట్టిన కొన్ని వారాల్లో జుట్టు ఇంకా ఎక్కువగా రాలినట్టు కనిపించవచ్చు. విశ్రాంతి దశలో ఉన్న పాత వెంట్రుకలు రాలి, కొత్తవాటికి చోటిచ్చే దశ అది, సాధారణంగా తాత్కాలికం. ఈ ముక్క ఎవరూ చెప్పకపోవడం వల్ల ఎందరో భయపడి సరిగ్గా ఆ సమయంలోనే మందు ఆపేస్తున్నారు. పైగా మందు ఆపిన మూడు నాలుగు నెలల్లో పెరిగిన జుట్టు తిరిగి పోతుంది. అంటే ఇది ఏళ్ళ తరబడి వాడవలసిన మందు. ఫోమ్ ధర ద్రవం కంటే బాగా ఎక్కువ. ఇంటికి డబ్బు పంపుతూ, పీజీ అద్దె కడుతూ ఉన్న కుర్రవాడు తాహతుకు మించి ఫోమ్ మొదలుపెట్టి మూడో నెలకు ఆపేస్తే అతనికి దక్కేది ఏమీ లేదు. అదే కుర్రవాడు ద్రవంతో మొదలుపెట్టి, పడితే దానితోనే కొనసాగితే నిలకడగా వాడగలడు. ఖరీదు తక్కువ మందు వాడటం చిన్నతనం కాదని ఇలాంటి పిల్లలకు నేను ప్రతిసారీ చెబుతూనే ఉంటాను.

ఏ రూపమైనా ఇంటికి తెచ్చుకునే ముందు తెలియవలసినవి మరికొన్ని ఉన్నాయి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీనిని వాడరాదు. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు డాక్టరును అడగాలి. గుండెదడ, తలతిరుగుడు, కాళ్ళవాపు కనిపిస్తే ఆపి వైద్యుని దగ్గరికి వెళ్ళాలి. పెద్దలు మందు రాసుకున్న చోట చర్మం తగలడం వల్ల పసిపిల్లల ఒంటి మీద వెంట్రుకలు పెరిగిన సంఘటనలు యూరప్‌లో నమోదయ్యాయి. పిల్లులకు ఇది విషం.

ఇక్కడ మనవాళ్ళంతా జుట్టు రాలడానికి బోరు నీళ్ళు, ట్యాంకరు నీళ్ళే కారణమంటారు. ఉప్పునీటికి జుట్టు బిరుసెక్కవచ్చు, చిట్లవచ్చు. కానీ నుదుటి రెండు పక్కలా వెనక్కి జరుగుతూ, నడినెత్తి మీద పలచబడుతూ పోయే తీరు వంశపారంపర్యానిది, నీళ్ళది కాదు. డెంగీ, టైఫాయిడ్ వంటి జ్వరాల తరువాత, కాన్పు తరువాత, ఒక్కసారిగా బరువు తగ్గిన తరువాత రెండు మూడు నెలలకు గుప్పెళ్ళుగా రాలే జుట్టు చాలావరకు తనంతట తానే కుదుటపడుతుంది. రక్తహీనత, థైరాయిడ్ ఉంటే ముందు వాటికి వైద్యం కావాలి. వీరందరికీ ఫోమా లిక్విడా అన్న ప్రశ్నే ముందు రాకూడదు. నగరంలో విక్టోరియా, బౌరింగ్ వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి, తక్కువ ఖర్చుతో చూపించుకోవచ్చు.

చివరగా రెండు విన్నపాలు. మన 1945 నాటి ఔషధ నియమావళిలోని జె షెడ్యూలులో బట్టతల పేరు ఉంది. ఆ జాబితాలోని జబ్బులను నయం చేస్తానని ఏ మందూ చెప్పుకోరాదు. మీ పత్రికకు జుట్టు మందుల ప్రకటనలు వచ్చినప్పుడు ఈ నియమాన్ని దృష్టిలో పెట్టుకోవాలని కోరుతున్నాను. రెండవది, మీ ఆరోగ్యం పేజీలో ఒక చర్మవైద్యుని చేత ఈ మందు సరైన మోతాదు, రాసే పద్ధతి, మొదటి వారాల్లో జుట్టు రాలడం, ఫోమ్‌కూ ద్రవానికీ ఉన్న నిజమైన తేడా గురించి వివరంగా రాయించండి. దానిని కత్తిరించి మా దుకాణం కౌంటరు మీద అతికిస్తాను. తోటి ఫార్మసిస్టులను కూడా అలాగే చేయమని అడుగుతాను.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
మారతహళ్ళి, బెంగళూరు