ఉప్పుగాలి ఊళ్ళో కార్బన్ గిటార్

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వాయిద్యాల తయారీ మీద వచ్చిన వ్యాసం చదివాను. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణ చేసే పనిని ఓపిగ్గా, దగ్గరుండి చూసి రాశారు, బాగుంది. కానీ చివరి పేరాలో ఒక మాట మరీ తేలిగ్గా అనేశారు: ఇప్పుడు గిటార్లు కార్బన్ ఫైబర్ అనే సన్నటి నల్ల దారాలతో కూడా వస్తున్నాయి, చెక్క లేని వాయిద్యంలో ప్రాణం ఎక్కడుంటుంది అని. వాయించి చూసి రాశారా, ఎవరో అంటే విని రాశారా అన్నది నాకు తెలీదు. నేను విశాఖలో పెళ్ళి రిసెప్షన్లకీ, చర్చి కార్యక్రమాలకీ గిటార్ వాయిస్తాను. ఈ వేసవిలో అలాంటిదొకటి చేతికొచ్చింది, వాయించాను, స్టేజి కూడా ఎక్కించాను. ప్రాణం సంగతి తర్వాత చూద్దాం, ముందు అది ఎలా ఉందో చెప్పాలనిపించింది.

గిటార్ నాది కాదు, మా మేనల్లుడిది. అమెరికా నుంచి సెలవులకి వస్తూ తెచ్చుకున్నాడు. కంపెనీ పేరు రాస్తే ప్రకటనలా ఉంటుంది, వదిలేద్దాం. లోపల పికప్ (తీగల కదలికని కరెంటు సంకేతంగా మార్చే పరికరం) బిగించిన రకం, అంటే మనవాళ్ళు సెమీ అకౌస్టిక్ అని పిలిచేది. జాక్ పెడితే నేరుగా మిక్సర్‌లోకి వెళ్తుంది, పెట్టకపోతే మామూలు గిటార్‌లాగే మోగుతుంది.

కేస్ తెరవగానే తేడాగా అనిపించింది రంగు కాదు, వాసన. కొత్త గిటార్ అంటే చెక్కా, జిగురూ, వార్నిషూ కలిసిన వాసన ఒకటి వస్తుంది కదా, ఇందులో అది బొత్తిగా లేదు. నల్లగా మెరుస్తూ, దగ్గరికి తెచ్చుకుని చూస్తే నేత గుడ్డలో పడుగూ పేకా కనిపించినట్టు గళ్ళు. పట్టుకుంటే చల్లగా, బరువు పెద్దగా లేదు. సౌండ్ హోల్‌లోకి సెల్‌ఫోన్ లైటు వేసి చూశాను. చెక్క గిటార్ లోపల పైపలకకి అడ్డంగా, ఏటవాలుగా అతికించిన చెక్క పట్టీలు ఉంటాయి, అవే పలకని తీగల లాగుడుకి తట్టుకునేలా చేస్తాయి. ఇందులో ఒక్క పట్టీ లేదు, అంతా నున్నగా ఉంది. బలం ఎక్కడ కావాలో అక్కడ కార్బన్ గుడ్డ పొరలు ఎక్కువ వేసి, రెసిన్ అనే గట్టిపడే జిగురుతో బిగించేస్తారట, ఇంకా పట్టీలతో పనేముంది. మెడ కూడా బాడీతో కలిసే అచ్చులోంచి వచ్చింది, అందుకని పై ఫ్రెట్ల (మెడ మీది లోహపు మెట్ల) దగ్గర బొటనవేలికి తగిలే ఆ బొడిపె లేదు, చెయ్యి సాఫీగా జారిపోతుంది. ఈ ఒక్క విషయానికే నాకు సగం నచ్చేసింది.

ముందుగా ‘ఈ మైనర్’ అనే కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి మోగించేది) వాయించాను. పెద్దగా మోగింది, మోగి ఆగలేదు. తీగ వదిలాక ఆ నాదం ఎంతసేపు నిలబడిందంటే, నేను తర్వాతి కార్డ్‌కి వెళ్ళిపోయినా ముందుదాని తోక ఇంకా వినిపిస్తూనే ఉంది. అన్ని తీగలూ సమానంగా పలుకుతున్నాయి, ఎక్కడా ఒక స్వరం మూగబోవడం, ఇంకోటి గట్టిగా అరవడం లేదు. పన్నెండో ఫ్రెట్ దగ్గర కూడా శ్రుతి కచ్చితంగా ఉంది. అదంతా నిజమే కానీ, గట్టిగా స్ట్రమ్మింగ్ మొదలెట్టగానే చెవిలో గుచ్చుకునే తళతళ ఒకటి వచ్చింది. లావు తీగ దగ్గర నా పాత గిటార్‌లో వినిపించే గుండ్రటి గుమ్మనే శబ్దం ఇందులో లేదు, ఉన్నది శుభ్రంగా, సూటిగా ఉంది. వేలు తీగ మీద జారినప్పుడు వచ్చే కీచు కూడా దాచుకోకుండా బయటపెట్టేస్తుంది. "మావయ్యా, చెక్క గిటార్‌ని బాదినట్టు దీన్ని బాదకు, ఇది ముట్టుకుంటేనే పలుకుతుంది" అన్నాడు మావాడు, వాడి మాట నిజమే. పల్చటి పిక్ పక్కన పడేసి, మందపాటి గుండ్రటి అంచున్నది తీసుకున్నాక, వేళ్ళతో మీటడం మొదలెట్టాక దానితో నాకు సఖ్యత కుదిరింది.

ఈ తేడాకి కారణం ఉంది. గిటార్ పైపలకకి వాడే స్ప్రూస్ చెక్క చాలా తేలిక, పైగా గట్టిది. కార్బన్ పొర దానికంటే మూడు రెట్లకు పైగా బరువు, కానీ గట్టితనం ఇంకా చాలా ఎక్కువ కాబట్టి సుమారు సగం మందంతో సరిపెట్టేస్తారు. చెక్కలో ఏ రెండు పలకలూ ఒకలా ఉండవు, అందుకే ఒకే మోడల్ గిటార్లు పది వాయిస్తే పది రకాలుగా పలుకుతాయి. కార్బన్‌వి ఒకే అచ్చులోంచి దాదాపు ఒకేలా వస్తాయి. మంచిది దొరికినవాడికి చెక్కది వరం, దొరకనివాడి గతేంటి?

ఇక స్టేజి సంగతి. సముద్రం ఒడ్డున ఓ లాన్‌లో రిసెప్షన్, సాయంత్రం ఆరున్నర, ఉక్కపోత ఎలా ఉంటుందో విశాఖవాళ్ళకి చెప్పక్కర్లేదు. గిటార్ ఏసీ కారులోంచి దిగింది. దీని ట్యూనింగ్ అసలు మారదని ప్రచారం చేస్తారు, అది సగమే నిజం. ఉక్కు తీగ వేడికి సాగుతుంది, కార్బన్ బాడీ దాదాపు సాగదు, అందుకే బయటికి తెచ్చిన కాసేపటికే తీగల శ్రుతి కొంచెం దిగిపోయింది. ఒకసారి సరిచేశాక మాత్రం కార్యక్రమం అయ్యేదాకా కీ ముట్టుకోలేదు. అదే నా చెక్క గిటార్ అయితే పాటకీ పాటకీ మధ్య తల వంచుకుని కీలు తిప్పుకోవడమే, యాంకర్ ఏదో ఒక జోకు వేసి నన్ను కాపాడుతుంటుంది.

అసలు చెక్కకి మా ఊరితో పేచీ ఏంటో వ్యాసంలో రాయలేదు కాబట్టి చెబుతాను. మంచి కంపెనీలు గిటార్‌ని 45 నుంచి 55 శాతం తేమలో ఉంచమంటాయి. మా దగ్గర వానాకాలం 80 దాటడం మామూలు. ఆరు తీగలూ కలిసి సుమారు 70 కిలోల బరువుతో లాగుతుంటాయి, ఆ లాగుడులో ఉన్న పలక తేమ పీల్చుకుంటే పొట్ట లేస్తుంది, తీగలు కట్టి ఉండే పట్టీ, అంటే బ్రిడ్జి, పైకొస్తుంది, తీగలు ఫ్రెట్లకి ఎత్తయిపోతాయి, ఎఫ్ కార్డ్ పట్టాలంటే వేళ్ళు నొప్పెడతాయి. హైదరాబాద్‌లో వాయించే మా మిత్రుడిది దీనికి తలకిందులు బాధ. ఏప్రిల్, మే ఎండలకి చెక్క ముడుచుకుపోయి ఫ్రెట్ల అంచులు బయటికి పొడుచుకొచ్చి అరచేతికి గీరుకుంటాయి. మన వీణనైనా వాతావరణం వదిలిందా? 24 మెట్లూ మైనం మీద కూర్చుంటాయి, ఎండకి మైనం మెత్తబడితే మెట్లు కదులుతాయి, మళ్ళీ మేళం కట్టించాలి, అంటే మెట్లన్నీ శ్రుతికి సరిచేయించాలి. ఈ బాధలన్నీ పడుతూనే పెద్ద పెద్ద విద్వాంసులు వాయించారు, కాదనను. కానీ బాధ లేకుండా వాయిస్తే సంగీతం తక్కువైపోతుందని ఎక్కడా రాసిలేదు.

ఇంకో విషయం గమనించారా, ఈ రకం గిటార్ల వెనక ఉన్న ఊళ్ళు ఏవో? రెయిన్‌సాంగ్ అనే పేరుతో 1990ల్లో వీటిని మార్కెట్లోకి తెచ్చిన జాన్ డెకర్ అనే భౌతికశాస్త్రవేత్త అప్పట్లో ఉన్నది హవాయిలోని మావీ దీవిలో. కాంపోజిట్ అకౌస్టిక్స్ పుట్టింది లూసియానాలోని లఫాయెట్‌లో, తర్వాత దాన్ని మన స్టేజీల మీద యాంప్లిఫైయర్లతో తెలిసిన పీవీ కంపెనీ కొనుక్కుంది. ఎమరాల్డ్ గిటార్లు ఐర్లండ్‌లోని డోనెగల్ నుంచి వస్తాయి, వాటిని మొదలెట్టిన అలిస్టర్ హే అంతకుముందు రేసు పడవలు చేసేవాడు. మూడూ తేమ ప్రాంతాలే, వానా సముద్రమూ ఎరిగిన ఊళ్ళే. వాళ్ళకంటే ముందే, 1960ల్లో, హెలికాప్టర్లు తయారుచేసే చార్లెస్ కామన్ ఫైబర్‌గ్లాస్ గుండ్రటి వీపుతో ఒవేషన్ గిటార్లు తెచ్చాడు. ఇదంతా ఏదో సరదాకి చేసిన ప్రయోగం కాదు, మా ఉప్పుగాలి బాధ లాంటిదే వాళ్ళకీ ఉంది.

మళ్ళీ రిసెప్షన్‌కి వద్దాం. జాక్ పెట్టాక నాకు ఇంకో సంగతి అర్థమైంది. మన కార్యక్రమాల్లో జనం వినేది గిటార్ బాడీని కాదు, బ్రిడ్జిలో శాడిల్ (తీగలు ఆనే సన్న ముక్క) కింద పెట్టిన పీజో పట్టీని. అది తీగ ఒత్తిడిని పట్టుకుని పంపుతుంది, చెక్క గిటార్‌లోనైనా కార్బన్‌లోనైనా ఆ పీజోకి ఒక బాతుగొంతు ఉంటుంది, మిక్సర్‌లో మధ్య ఫ్రీక్వెన్సీలు తగ్గిస్తే తప్ప పోదు. ఇంట్లో ఇద్దరం పక్కపక్కన కూర్చుని వాయించుకున్నప్పుడు కొట్టొచ్చినట్టు కనిపించిన తేడా సౌండ్ బాక్సుల్లోంచి వచ్చేసరికి సగానికి సగం మాయమైంది. సౌండ్ చూసే కుర్రాణ్ణి అడిగాను, గిటార్ మార్చాను, ఏమైనా తెలిసిందా అని. "ఏదైతే ఏంటి గురూ, లైన్ క్లీన్‌గా వస్తోంది, ఫీడ్‌బ్యాక్ లేదు, నాకదే చాలు" అన్నాడు. ఫీడ్‌బ్యాక్ అంటే స్పీకర్ శబ్దం తిరిగి గిటార్‌లోకి దూరి వచ్చే కూత. అది లేకపోవడం గిటార్ గొప్పా, ఆ రోజు మానిటర్ (వాయించేవాళ్ళ వైపు తిప్పి పెట్టే స్పీకర్) దూరంగా పెట్టడం వల్లా అని నేను గట్టిగా చెప్పలేను. పైపలక కంపించే గిటార్ ఏదైనా మానిటర్ ఎదురుగా నిలబడితే కూస్తుంది. అన్నట్టు, ఏ గిటార్ వాడేవాళ్ళైనా ఇది గుర్తుంచుకోండి: కార్యక్రమం అవగానే జాక్ పీకేయండి, పెట్టి ఉంచితే వాయించకపోయినా లోపలి 9 వోల్టుల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

వ్యాస రచయిత రాయనిదీ, నాకు నిజంగా గుబులు పుట్టించేదీ ఇంకొకటుంది. రిపేరు. చెక్క గిటార్ బ్రిడ్జి లేస్తే జిగురు పెట్టి క్లాంపు బిగించేవాడు వెతికితే దొరుకుతాడు. ఈ కార్బన్ దాన్ని ఎవరు ముట్టుకుంటారు? మా జాలరిపేట వైపు ఫైబర్ పడవలకి చిల్లు పడితే గుడ్డ పరిచి రెసిన్ పూసి గంటల్లో అతుకేసే చేతులున్నాయి. వస్తువు ఆ కోవదే, పగులు మూసేస్తారు కూడా, కానీ పడవకి అతుకు రెండు మిల్లీమీటర్లు మందమైతే ఏమీ కాదు, గిటార్ పైపలక మందమే అంతుండదు, అక్కడ అతుకు పడితే శబ్దం చచ్చిపోతుంది. కొన్ని మోడళ్ళలో మెడలో ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే కడ్డీ) కూడా ఉండదు, మెడ వంగదు కాబట్టి అక్కర్లేదంటారు. మరి తీగల ఎత్తు తగ్గించుకోవాలంటే శాడిల్ అరగదీసుకోవడమే, అలెన్ కీ పెట్టి ఓ పావు తిప్పు తిప్పే సౌకర్యం పోయినట్టే.

పర్యావరణం పేరుతో ఎవరూ ఎవరినీ తిట్టక్కర్లేదనే అనుకుంటున్నాను. కార్బన్ ఫైబర్ పెట్రోలియం సరుకు నుంచి వస్తుంది, వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కాలుస్తారు, రెసిన్‌తో కలిశాక మళ్ళీ విడదీయడం కష్టం. అటు చెక్క చరిత్ర కూడా అంత తెల్లగా లేదు. బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమై 1969లో అమెరికా గిటార్ కంపెనీ మార్టిన్ మన దక్షిణాది రోజ్‌వుడ్‌కి మారింది, 2017లో రోజ్‌వుడ్ జాతులన్నిటి అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలు వచ్చాయి, 2019 చివర్లో, బ్రెజిల్ రకానికి తప్ప, తయారైన వాయిద్యాలకి మినహాయింపు ఇచ్చారు.

ఇంతా చెప్పాక, కొంటావా అని అడిగితే కొనలేను. నిజమైన కార్బన్ గుడ్డ పొరలతో చేసినది తెప్పించుకుంటే రవాణా, కస్టమ్స్ కలుపుకుని లక్షలు దాటుతుంది. దాని అవసరం ఎక్కువగా ఉన్నది లాన్లలో, షామియానాల కింద, చెమటలో వాయించే మాకు. దాన్ని కొనగలిగేవాళ్ళేమో ఏసీ గదిలో వాయిస్తారు, అక్కడ మంచి చెక్క గిటార్ హాయిగా బతుకుతుంది. నేనైతే చెక్కది అమ్మను, ఇంట్లో పాట కట్టుకునేటప్పుడు ఆ గుమ్మనే శబ్దమే కావాలి నాకు. బయటికి మాత్రం కార్బన్‌ది తీసుకెళ్తాను, ఎవరైనా ఇస్తే.

ఈ ధర చూసి చాలామంది కుర్రాళ్ళు ఆన్‌లైన్లో 20, 30 వేలకి కార్బన్ ఫైబర్ అని రాసి ఉన్నవి ఆర్డర్ పెట్టేస్తున్నారు. వాటిలో చాలావరకు ప్లాస్టిక్‌లో కార్బన్ ముక్కలు కలిపి అచ్చు పోసినవి. తేమకి తట్టుకోవడంలో అవీ బాగానే ఉంటాయి, నేర్చుకునే పిల్లలకి చెడ్డవేం కాదు, కానీ నేను పైన చెప్పిన శబ్దం వాటిలో వెతక్కండి, రెండూ వేరు వేరు సరుకులు. అమ్మేవాళ్ళు ఈ తేడా చెప్పడం లేదు, పెట్టె మీద పేరు ఒకటే. మన పట్టణాల్లోని సంగీత వాయిద్యాల షాపులవాళ్ళకి మీ పత్రిక ద్వారా ఒక విన్నపం: పొరలు వేసి చేసిందో, అచ్చు పోసిందో బిల్లు మీద రాసివ్వండి, గాజు అద్దాల వెనక పెట్టకుండా కొనేవాడికి ఓ అరగంట వాయించి చూసుకునే వీలివ్వండి, వీలైతే యాంప్‌కి కూడా తగిలించి.

ఇట్లు,
ఒక గిటారిస్టు, విశాఖపట్నం