నీ హౌల్ సినిమా చూశాను

చిన్నీ,

సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వు టీవీలో ఎక్కడుందో చూపించి వెళ్లిన ఆ జపాన్ బొమ్మల సినిమా, 'హౌల్స్ మూవింగ్ క్యాజిల్', ఎట్టకేలకు చూశాను. రెండుసార్లు చూశాను. మొదటిసారి మీ నాన్న కూడా కూర్చున్నారు. కోట కాళ్లేసుకుని నడుస్తుంటే "బాగుందే" అన్నారు, అరగంటకల్లా గురక. ఫోన్‌లో చెబుదామంటే నా మాట పూర్తి కానివ్వకుండా "అమ్మా, లాజిక్ వెతక్కు" అంటావు. అందుకే ఉత్తరం. ఇందులో అడ్డం రాలేవుగా.

మొదట్లో సోఫీ టోపీల కొట్టు లోపలి గదిలో కూర్చుని కుట్టుకుంటూ ఉంటుంది చూడు. కిటికీ పక్కనుంచి రైలు పోతే అంతా పొగ. తోటి ఆడపిల్లలు ముస్తాబై బయటికి పోతూ రమ్మంటారు. ఇది పూర్తి చేస్తాను, మీరు వెళ్లండి అంటుంది. అక్కడికే నాకు ఆ పిల్ల అర్థమైపోయింది. పండగ ముందు రోజు రాత్రి పదకొండింటికి ఎవరి జాకెట్లకో హుక్కులు కుడుతూ నేను ఎన్నిసార్లు అనలేదు ఆ మాట! 18 ఏళ్లకే లోపల ముసలిదైపోయింది. తర్వాత మంత్రగత్తె వచ్చి శాపం పెట్టి 90 ఏళ్ల అవ్వను చేసింది కానీ, సగం పని అప్పటికే అయిపోయింది.

శాపం తగిలాక సోఫీ గుండెలు బాదుకోదు. కాసేపు కంగారు పడుతుంది, మర్నాడు అద్దంలో చూసుకుని ఆరోగ్యంగానే ఉన్నావు, బట్టలు కూడా ఇప్పుడే నప్పాయి అనుకుంటుంది. కర్ర పట్టుకుని కొండెక్కుతుంది. నడుం పట్టేస్తుంది, ఆగుతుంది, విసుక్కుంటుంది, మళ్లీ ఎక్కుతుంది. ముసలివాళ్లను ఇంత దగ్గరగా చూసి బొమ్మ గీసినవాడు, ఆ మియాజాకి, ఎవరింట్లో పెరిగాడో అనిపించింది. పిన్న సోఫీకీ ముసలి సోఫీకీ గొంతు ఒక్కరిదేనని నువ్వు చెప్పావు కదా, బైషో చియెకో అని. సినిమా వచ్చిన 2004లో ఆవిడకి 60 దాటాయట. రెండోసారి దానికోసమే చెవి పెట్టి విన్నాను. చిన్నప్పటి గొంతులో కొంచెం బరువు ఉంది. అదీ బాగానే కుదిరింది, పెద్దరికం ముందే నెత్తికెక్కిన పిల్ల కదా.

నాకు బాగా నచ్చింది రాజుగారి మెట్లు. శాపం పెట్టిన మంత్రగత్తే ఇప్పుడు లావు ఒళ్లు మోసుకుంటూ, చెమటలు కక్కుతూ ఎక్కుతుంటుంది. పక్కనే సోఫీ, ఆ ఆయాసపు కుక్కను చంకనేసుకుని. నిమిషాల తరబడి ఇద్దరు ముసలమ్మలు మెట్లెక్కడమే. ఇంకో సినిమా అయితే ఒక్క కోతతో పైకి చేర్చేసేది. నా మోకాళ్లు నాకు గుర్తొచ్చాయి, నవ్వూ వచ్చింది, చివరికి ఆ మంత్రగత్తె మీద జాలీ వేసింది. ఆ తర్వాత లోపల సోఫీ, ఆ నడిచే కోట మాంత్రికుడు హౌల్ తరఫున గట్టిగా మాట్లాడుతుంటే ముఖం కొంచెం కొంచెంగా పడుచుదనానికి వస్తుంది. ఎదురుగా ఉన్న పెద్దావిడ, రాజుగారి మంత్రగత్తె, "అమ్మా, నువ్వు అతన్ని ప్రేమిస్తున్నావన్నమాట" అనగానే టక్కున మళ్లీ ముసలిదైపోతుంది. శాపం ఎప్పుడు పోయింది, ఎలా పోయింది అని ఒక్క ముక్క చెప్పరు. నాకది లోపంగా తోచలేదు. మూలం డయానా విన్ జోన్స్ 1986లో రాసిన నవల అనీ, అందులో సోఫీకే మంత్రం తెలుసుననీ అన్నావు. సినిమాలో అది తీసేయడమే మంచిదైంది. మంత్రం తెలియని పిల్ల కాబట్టే వయసు మారడం మన కథగా ఉంది.

ఇక నీకు కోపం వచ్చేది.

"అమ్మా, ఇంతకంటే మంచి ప్రేమకథ లేదు" అన్నావు. ఎక్కడుందే ప్రేమ? సగం సినిమా ఆ పిల్ల ఊడుస్తుంది, తుడుస్తుంది, ఉతుకుతుంది, పొయ్యి దగ్గర వండుతుంది. నిజమే, ఎవరూ పెట్టకుండానే హౌల్ కోటలో పనిమనిషినని తనే చెప్పుకుని చేరింది. కోటను నడిపించే ఆ నిప్పు దయ్యం కాల్సిఫర్ మీద గుడ్లు వేయించే చోటైతే నాకు ఆకలి వేసింది. కానీ ఆ అబ్బాయి? జుట్టు రంగు పాడైందని, అందం లేకపోతే బతికి ఏం లాభమని పచ్చటి జిగురు కారుస్తూ కూలబడతాడు. చెంప మీద ఒకటి ఇవ్వాలనిపించింది. సోఫీ వానలోకి పరిగెత్తి, నేను ఒక్కసారైనా అందంగా లేను అని ఏడుస్తుంది. మళ్లీ లోపలికొచ్చి అతన్ని ఈడ్చుకెళ్లి స్నానానికి పంపేదీ తనే. ఇల్లు కడిగినంత మాత్రాన ప్రేమ పుడితే ఈ వీధిలో ఆడవాళ్లందరివీ ప్రేమకథలే.

యుద్ధం సంగతి మరీనూ. 2003లో ఇరాక్ మీద జరిగిన దాడికి మియాజాకికి వచ్చిన కోపం ఇందులోకి దిగిందని నువ్వే చెప్పావు. కోపం కనిపించింది. ఊళ్ల మీదుగా ఆ బరువైన విమానాలు పోతుంటే, రాత్రిపూట ఆకాశం ఎర్రగా కాలుతుంటే భయమేసింది. ఎవరు ఎవరితో ఎందుకు కొట్టుకుంటున్నారో చెప్పకపోయినా పర్లేదు, కింద ఉన్నవాళ్లకు తెలిసేదీ అంతే. అంత యుద్ధాన్ని ఆపిందెవరు? సోఫీ వెంట గెంతుకుంటూ తిరిగిన దిష్టిబొమ్మ! సోఫీ ముద్దు పెట్టగానే అది పక్క దేశపు యువరాజైపోయింది, ఇంటికెళ్లి యుద్ధం ఆపిస్తానంది. ఇక్కడ రాజుగారి మంత్రగత్తె గోళంలోంచి చూసి, సరే, ఈ పిచ్చి యుద్ధం చాలిద్దాం అంది. మరి అన్ని రోజులూ ఎందుకు చేశారమ్మా? దానికి ముందు సోఫీ కాల్సిఫర్‌ను బయటికి తెచ్చి కోటంతా కూలగొట్టి, వెంటనే మళ్లీ లోపలికి తీసుకెళ్లింది, అదీ నాకు ఎక్కలేదు. ముందు భాగాలు అంత శ్రద్ధగా కుట్టి, టైమైపోతోందని చేతులు టాకాలతో తగిలించి ఇచ్చినట్టుంది. వేసుకుంటే బాగానే ఉంటుంది, చెయ్యెత్తితే ఊడుతుంది.

ఒక్కచోట మాత్రం నీ మాట నిజమని ఒప్పుకుంటాను, అదీ రెండోసారి చూశాకే. చివర్లో సోఫీ తలుపులోంచి గతంలోకి వెళ్లి, చిన్న హౌల్ రాలే నక్షత్రాన్ని మింగడం చూస్తుంది. ముందు ముందు నాకోసం చూడు, నేను తప్పకుండా వస్తాను అని అరుస్తుంది. అప్పుడు వెనక్కి వెళ్లి మొదటి సీను పెట్టాను. సందులో సైనికులు అల్లరి పెడుతుంటే వెనకనుంచి వచ్చి అతను అనే మొదటి మాట, "నీకోసం వెతుకుతున్నా" అని. మొదటిసారి ఏదో తప్పించడానికి అన్నాడనుకున్నాను. అన్నేళ్లుగా వెతుకుతున్నాడన్నమాట. రిమోట్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. పక్క గదిలోంచి మీ నాన్న పాలు పొంగుతున్నాయని కేకేశారు.

సోఫీ పడుచుదైపోయినా జుట్టు మాత్రం వెండిలాగే ఉంచారు, గమనించావా? హౌల్ దాన్ని చూసి నక్షత్రాల రంగులో ఉందంటాడు. జుట్టు రంగు పాడైందని కూలబడ్డ అబ్బాయే! ఈ మధ్య నేను రంగు వేయడం మానేశానని మొన్న వీడియో కాల్‌లో గొడవ చేశావు. నీ సినిమానే అడుగు.

నీ పట్టుచీర జాకెట్టు కత్తిరించేశాను. చేతులు మోచేతి దాకానా, పైకా? చెప్పమని రెండుసార్లు మెసేజ్ పెట్టాను, జవాబు లేదు. బుధవారం లోపు చెప్పకపోతే పాత కొలతే పెట్టేస్తా, తర్వాత నన్ను అనకు.

అమ్మ