వేసవి వీబీఎస్ జమా ఖర్చులు: ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడ పెట్టాం

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. ఒంగోలు చుట్టుపక్కల మన ఏడు ఊళ్ళలో ఈ వేసవిలో పది రోజులు జరిగిన వీబీఎస్, అంటే సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిలు బడి (వెకేషన్ బైబిల్ స్కూల్), లెక్క ఇది. చందా ఇచ్చినవాళ్ళకే కాదు, ఏమీ ఇవ్వకుండా పిల్లల్ని మాత్రం పంపినవాళ్ళకి కూడా లెక్క అడిగే హక్కు ఉంది కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాం. ముందే మొత్తాలు చెప్పేస్తే ఎవరికీ టెన్షన్ ఉండదు. జమ 1,49,750 రూపాయలు, ఖర్చు 1,29,550, మిగిలింది 20,200. ఇందులో 18,700 బ్యాంకులో ఉంది, 1,500 కోశాధికారి దగ్గర చేతిలో ఉంది.

జమలో మొదట రాయాల్సింది పిడికెడు బియ్యం డబ్బు, 9,360. మొత్తంలో ఇదే చిన్న అంకె, అయినా దీన్నే ముందు రాయాలని స్త్రీల సమాజం అక్కలు పట్టుబట్టారు, మాకూ అదే న్యాయం అనిపించింది. పొద్దున్నే ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టి, ఆదివారం గుడికి తెచ్చి పోస్తే, అవి అమ్మగా వచ్చిన డబ్బు ఇది. తెచ్చినవాళ్ళలో ఎక్కువమంది కూలికి వెళ్ళేవాళ్ళే. కోత పండుగ వేలంలో 17,900 వచ్చింది. వేలంలో ఒక కోడిపుంజును పాడుకున్నాయన దాన్ని మళ్ళీ సంఘానికే ఇచ్చేయడం, అది మళ్ళీ వేలానికి రావడం అందరూ చూశారు కాబట్టి ఆ అంకె అంత ఎలా అయిందో విడిగా చెప్పక్కర్లేదు. ఏడు సంఘాల నుంచి కానుకలుగా వచ్చింది 48,500. విడివిడిగా మనుషులిచ్చిన చందాలు 62,750, అందులో ఫోన్‌పేలో 41,200, చేతికి 21,550. పోయిన ఏడాది నిల్వ 11,240.

చందాదారుల పేర్లు ఇక్కడ వేయడం లేదు. మీ రసీదు నంబరు చెబితే పుస్తకంలో చూపిస్తాం. ఇద్దరు ముగ్గురు ఇన్‌కమ్ టాక్స్ మినహాయింపుకి రసీదు అడిగారు. మన కమిటీకి ఆ మినహాయింపు ఇప్పించే 80జి గుర్తింపు లేదు, కాబట్టి అలాంటి రసీదు ఇవ్వలేం. మామూలు రసీదే.

ఇంకో సంగతి, చాలామంది చెవులు కొరుక్కుంటున్నారు కాబట్టి చెప్పేస్తాం. అమెరికాలో స్థిరపడిన మన ఊరి అన్నయ్య ఒకాయన పిల్లలందరికీ స్కూల్ బ్యాగులు కొనమని నలభై వేలు పంపుతానన్నారు, మేం వద్దన్నాం. ఆయన మీద కోపంతో కాదు. విదేశీ విరాళాల చట్టం, అంటే 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ ప్రకారం, అక్కడ ఉద్యోగం చేస్తున్నా ఇంకా భారత పౌరుడిగానే ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు, కానీ అక్కడి పౌరసత్వం తీసుకున్నాక వాళ్ళు పంపేది ఆ లెక్కలోకే వస్తుంది, మన రక్తమే అయినా సరే. ఆ డబ్బు తీసుకోవాలంటే రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి, 2020 సవరణ తర్వాత అది ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోకే రావాలి. ఏడు పల్లెల కమిటీకి ఇవేవీ లేవు. "మా బావమరిది ఖాతాలో వేయించుకుందాం" అని ఒక సలహా వచ్చింది. పిల్లలకి పది ఆజ్ఞలు చెప్పే పని మీద ఉండి ఆ దారి పట్టలేం. అన్నయ్య అర్థం చేసుకున్నారు, ప్రార్థన చేస్తానన్నారు.

ఇక ఖర్చు. అన్నిటికంటే ఎక్కువ అయింది చిరుతిండికి, 31,600. రోజూ మజ్జిగ, ఉడకబెట్టిన శనగలు, కొన్ని రోజులు అరటిపండు. పేరు రాయించుకున్న పిల్లలు 412 మంది, రోజూ అందరూ రాలేదు, అయినా మే నెల ఎండలో పిల్లల్ని ఖాళీ కడుపుతో కూర్చోబెట్టి కంఠత వాక్యం చెప్పమనలేం. పుస్తకాలకి 29,110 అయింది. పిల్లల పుస్తకం ఒక్కోటి 55 చొప్పున 430, టీచర్ల గైడ్లు 90 చొప్పున 34, చార్టులు 2,400. పద్దెనిమిది పుస్తకాలు మిగిలాయి, అవి సండే స్కూల్‌కి పనికొస్తాయి. క్రయాన్లు, జిగురు, రంగు కాగితాలకి 8,870. టీచర్లు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తిరగడానికి ఆటోలు, పెట్రోలు కలిపి 16,420. ఫ్లెక్సీలు, జిరాక్సులు, రసీదు పుస్తకాలు 4,120. మందులు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు 1,680.

షామియానా, మైక్ సెట్‌కి 14,500 ఎందుకయిందని అడిగారు. రెండు ఊళ్ళలో గుడి చిన్నది, పిల్లలు పట్టరు. సెలవుల్లో సర్కారు బడి వరండా ఖాళీగానే ఉంటుంది కదా, అక్కడ పెట్టుకుంటే ఈ ఖర్చు ఉండేది కాదు కదా అన్నారు. నిజమే, ఉండేది కాదు. కానీ పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదని రాజ్యాంగంలో 28వ అధికరణం చెబుతోంది. సెలవులే కదా అని వాదించుకోవచ్చు, కానీ అలా వాదించుకుంటూ నడపాల్సిన పని కాదిది. అందుకే గుడి ముందు ఖాళీ స్థలంలో షామియానా వేయించాం. అదే ఆలోచనతో ప్రతి పిల్లవాడికీ అమ్మో నాన్నో సంతకం చేసిన చీటీ తీసుకున్నాం, సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేశారు. క్రైస్తవేతర ఇళ్ళ పిల్లలు కూడా వచ్చారు, ఆటలకోసమో పాటలకోసమో వచ్చారు, వాళ్ళ ఇళ్ళకి మాత్రం ఇద్దరిద్దరు టీచర్లు వెళ్ళి ఏం చెప్తామో ముందే చెప్పి వచ్చారు. వద్దన్న ఇళ్ళ పిల్లల్ని రమ్మనలేదు.

బహుమతులకి 9,800 మాత్రమే పెట్టాం, దీని మీదే ఎక్కువ గొడవ. పక్క మండలంలో టిఫిన్ బాక్సులు ఇచ్చారట, మనం పెన్నులూ చిన్న బైబిలు కథల పుస్తకాలూ ఇచ్చామని చిన్నచూపు. వస్తువు పెద్దదైతే పిల్లలు ఎక్కువ వస్తారు, అందులో అబద్ధం లేదు. ఆ వచ్చినవాళ్ళు దేనికి వచ్చారో మనకీ తెలియదు, వాళ్ళకీ తెలియదు, చూసే ఊరికి మాత్రం తెలిసిపోతుంది. ఈ సంగతి ఒంగోలు వాళ్ళకి ఎవరో చెప్పాలా? 1876-78 కరువులో ఇక్కడ పనిచేసిన అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇచ్చి తిండి పెట్టారు, ఆ రోజుల్లోనే బాప్తిస్మం కోసం జనం విరగబడి వస్తుంటే ఇవ్వకుండా ఆపేశారు. తిండి కోసం కలిశారన్న మాట రాకూడదని. కరువు సాయం ముగిశాకే మొదలుపెట్టారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారని మనం గొప్పగా చెప్పుకుంటాం గానీ, దానికి ముందు నెలల తరబడి ఆపిన సంగతి చెప్పుకోం. మా దృష్టిలో ఆపడమే పెద్ద పని.

టీచర్ల శిక్షణకి 13,450 అయింది. భోజనాలు 7,900, నేర్పడానికి వచ్చిన ఇద్దరికి దారి ఖర్చులు 3,000, చాపలు, బల్లలు, కరెంటు కలిపి 2,550. ఇది దండగ అన్నవాళ్ళు ఒకసారి జూనియర్ల క్లాసుకి వచ్చి వెనక కూర్చుని చూడాల్సింది. దావీదు గొల్యాతు కథ అందరికీ వచ్చు, కానీ ఆ కథ చెప్పేటప్పుడు పిల్లవాడు "రాయితో కొట్టడం తప్పు కాదా టీచర్?" అని అడిగితే నోరు మూయించకుండా జవాబు చెప్పడం నేర్చుకుంటేనే వస్తుంది. మన టీచర్లు డిగ్రీ చదివే పిల్లలూ, టైలరింగ్ చేసుకునే అక్కలూ. జీతం లేదు, పది రోజులు సొంత పని మానుకుని వచ్చారు.

మిగిలిన 20,200 సంగతి. వచ్చే ఏడాదికి దాచాలని కొందరు, గుడికి సౌండ్ బాక్సులు కొనాలని యవ్వనస్థులు. కమిటీ మాట వేరే. ఈసారి పుస్తకాలు పంచాక బయటపడింది ఏమిటంటే, నాలుగో తరగతి, ఐదో తరగతి పిల్లల్లో చాలామంది వాక్యాన్ని విని అప్పజెప్తున్నారు తప్ప పుస్తకంలో వేలు పెట్టి చదవలేకపోతున్నారు. గుణింతాల దగ్గరే ఆగిపోయారు. 1780లో ఇంగ్లండులో గ్లాస్టర్ ఊళ్ళో రాబర్ట్ రైక్స్ సండే స్కూల్ పెట్టింది వారమంతా పనికి పోయే పేద పిల్లలకి ఆదివారం చదవడం నేర్పడానికే, బైబిలే వాళ్ళ వాచకం. చెప్పే ఆడవాళ్ళకి ఆయన కూలి కూడా ఇచ్చేవాడు. మనం పాటలు, కథలు ఉంచుకుని ఆ చదువు భాగాన్ని ఎప్పుడో వదిలేశాం. కాబట్టి ఈ డబ్బుతో అక్షరాల చార్టులు, పెద్ద అక్షరాల కథల పుస్తకాలు కొని, ఆదివారం సండే స్కూల్‌కి ముందు అరగంట చదివించాలని, చెప్పేవాళ్ళకి కనీసం బస్సు ఖర్చు ఇవ్వాలని మా ప్రతిపాదన. ఆ అరగంటకి ఏ మతం పిల్లలైనా రావచ్చు, అందులో ప్రార్థన ఉండదు. దీనికి ఒకరిద్దరు పెద్దలు ఒప్పుకోలేదు, గుడి డబ్బుతో బడి పనా అని. ఆ మాట సభలోనే మాట్లాడుకుందాం.

పిల్లల ఫోటోలు ఎందుకు పెట్టలేదని అడగొద్దు, తల్లిదండ్రులు సంతకం పెట్టింది క్లాసుకి, ఫోటోలకి కాదు.

ఓచర్లు, బిల్లులు అన్నీ ఒక ఫైల్లో పెట్టి సంఘ కార్యదర్శి దగ్గర ఉంచాం, కమిటీలో లేని ఇద్దరు చూసి సంతకాలు చేశారు. ఆటోలకి మాత్రం బిల్లులు ఉండవు కాబట్టి డ్రైవర్ల సంతకాలతో కాగితాలు ఉన్నాయి. వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక సభ ఉంది, మిగిలిన డబ్బు సంగతి అక్కడే తేలుతుంది. మూడో నంబరు రసీదు పుస్తకం తీసుకెళ్ళినవాళ్ళు అందులో వాడని రసీదులు ఉన్నా సరే ఆ లోపు తెచ్చి ఇవ్వండి, అది చేరితే తప్ప పుస్తకాలు మూయలేం.