గ్యాస్ తొట్టికి మేత కొలిచి వేయాలి

సంపాదకునికి,

వంటింటి చెత్తతో నడిచే గోబర్ గ్యాస్ తొట్లు చాలాచోట్ల అతిమేత వల్లే మూలపడుతున్నాయి. అన్నం, పండ్ల తొక్కలు ఒక్కసారిగా కుమ్మరిస్తే ఆమ్లాలు చేసే బ్యాక్టీరియా చకచకా పెరుగుతుంది. మండే వాయువైన మీథేన్‌ను చేసే సూక్ష్మజీవులు నిదానమైనవి, అందుకోలేవు. పీహెచ్ (పులుపు కొలత; తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6.5 కంటే దిగితే పులిసిన వాసన, మండని గ్యాస్. అప్పుడు కొన్నాళ్లు చెత్త ఆపి, తాజా పేడ, కాస్త సున్నపు నీళ్లు కలపాలి. కొత్త తొట్టిలో మొదట పేడ, నీళ్లు సమపాళ్లలో పోసి, మంట నిలిచాకే చెత్త కొద్దికొద్దిగా పెంచాలి. ఫినాయిల్ కలిసిన కడుగునీళ్లు అసలు పోయకూడదు.

తొట్టి నుంచి బయటికొచ్చే స్లర్రీని (చిక్కటి మడ్డిని) నేరుగా ఆకుకూరలపై చల్లడం మరీ ప్రమాదం. తొట్టిలోని 30–35 డిగ్రీల వేడికి రోగక్రిములు, నులిపురుగుల గుడ్లు అన్నీ చావవు. ఎండుటాకులతో కుప్పవేసి, తిరగేస్తూ, లోపల 55 డిగ్రీల వేడి కనీసం పదిహేను రోజులు నిలిచాకే వాడాలి. తొట్లు అమ్మేవారు ఈ సంగతి కొనేవారికి తెలుగులో రాసివ్వాలి.

– ఒక పాఠకుడు