ఫ్లెక్సీ మీద ఫొటో కోసం

సంపాదకుడు గారికి నమస్కారం.

గుంటూరులో లాడ్జి సెంటర్, కొరిటెపాడు, అరండల్‌పేట ఎటు వెళ్లినా ఫ్లెక్సీలే. నడుమ నాయకుడో హీరోనో ఉంటాడు, కింద గుండ్రాల్లో వరుసగా మన కుర్రాళ్ల మొహాలు. ఇప్పుడు పుట్టినరోజు వస్తే ఆ నడుమ చోటులోకి కూడా వాళ్లే ఎక్కుతున్నారు. దారిన పోయేవాళ్ల కోసం కాదు ఇదంతా. దాని ముందు నిలబడి ఫొటో దిగి స్టేటస్ పెట్టాలి, అది ‘అన్న’ కంట్లో పడాలి. అందుకు చందాలు వేసుకుంటారు, చాలకపోతే ఇంట్లో అమ్మను పీడిస్తారు.

నలుగురిలో గుర్తింపు కోరుకోవడం తప్పని నేను అనను. ఆ వయసులో ఎవరికి ఉండదు? కానీ 2023 జులైలో మన పక్కనే, నరసరావుపేట మండలంలో, నటుడు సూర్య పుట్టినరోజుకు ఫ్లెక్సీ కడుతూ ఇద్దరు డిగ్రీ విద్యార్థులు చనిపోయారు. ఇనుప చట్రం పైనున్న కరెంటు తీగకు తగిలింది. 2020 సెప్టెంబరులో కుప్పం దగ్గర పవన్ కల్యాణ్ అభిమానులు ముగ్గురు, 2024 జనవరిలో కర్ణాటకలోని గదగ్ జిల్లాలో యశ్ అభిమానులు ముగ్గురు ఇలాగే కరెంటు షాక్‌తో పోయారు. చదువుకుని ఇంటికి ఆసరా అవుతాడనుకున్న బిడ్డ ఫ్లెక్సీ కట్టబోయి శవమై వస్తే ఆ తల్లికి ఏ సంతాప సందేశం సరిపోతుంది?

రాష్ట్ర ప్రభుత్వం 2022లో ప్లాస్టిక్ ఫ్లెక్సీలపై నిషేధం ప్రకటించింది. బదులుగా గుడ్డ వాడమన్నారు. పర్యావరణానికి అది మంచిదే, కాదనను. కానీ గుడ్డ కట్టినా చట్రం ఇనుపదే, ఎక్కే స్తంభం అదే. పైగా నిషేధం ఎంత నిలిచిందో మన కూడళ్లే చెబుతున్నాయి.

నగరపాలక సంస్థకు నా విన్నపం ఇది. అనుమతి నంబరు, ముద్రించిన ప్రెస్ పేరు, ఆర్డరిచ్చినవారి పేరు లేని ఫ్లెక్సీని అదే రోజు దించేయండి. కరెంటు స్తంభాల మీద, తీగల కింద అసలు అనుమతే ఇవ్వకండి. కేసు పెట్టాల్సి వస్తే కట్టిన పిల్లల మీద కాదు, బొమ్మ వేయించుకుని మురిసిపోయే పెద్దమనిషి మీద పెట్టండి. నాయకులకూ ఒక మాట: ఫ్లెక్సీ కట్టినవాణ్ణి భుజం తట్టి పక్కన నిలబెట్టుకుంటున్నది మీరే. ఈసారి పుట్టినరోజుకు ముందే, నా బొమ్మతో ఒక్క ఫ్లెక్సీ కూడా కట్టొద్దని మీ నోటితో మీరే చెప్పండి. మీ మాటైతే వాళ్లు వింటారు.

– ఒక విశ్రాంత అధ్యాపకుడు, బ్రాడీపేట, గుంటూరు